కారు షెడ్డు ప్లాస్టిక్ రేకుల మీద వాననీళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో మా ఇంటికి ఉత్తరం పక్కన కారు షెడ్డు ఉంది. ఇంటి గోడ నుంచి ప్రహరీ దాకా 10 ఫీట్లు, పొడవు 18 ఫీట్లు, పైన అలలు అలలుగా ఉండే ప్లాస్టిక్ రేకులు. వేయించిన మొదటి వానాకాలమే కారింది. రెండేళ్ల పాటు సిలికాన్ ట్యూబులు కొని పూస్తూనే ఉన్నాను, ఒకచోట ఆగితే ఇంకోచోట చుక్క మొదలయ్యేది. చివరికి తెలిసిందేమిటంటే తప్పు బొక్కలది కాదు, వాటానిది, అంటే నీళ్లు జారిపోవడానికి రేకుకు ఇచ్చే వాలుది. అది సరిచేయించాక కారడం ఆగింది. ఆ తర్వాత మా వాడకట్టులోనూ, మహబూబ్‌నగర్, దేవరకొండ, మిర్యాలగూడ వైపు ఉన్న చుట్టాల్లోనూ ఎవరు షెడ్డు వేసుకున్నా ఫొటోలు పంపి అడుగుతున్నారు. అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఇక్కడ రాస్తున్నాను.

రేకుల మీద నీళ్లు నిలుస్తున్నాయి, ఎక్కడో కారుతోంది. ముందు ఏం కొనాలి?

ఏమీ కొనకండి. నిచ్చెన, ఒక బకెట్, ఒక మగ్గు చాలు. ఎండ ఉన్న రోజు చూసుకుని, నిచ్చెన మీద నిలబడి గోడ వైపు ఎత్తు అంచు దగ్గర మెల్లగా ఒక్కో పల్లంలో ఒక్కో మగ్గు పోయండి. పల్లం అంటే రేకు అలలో కిందికి దిగిన గాడి, మిట్ట అంటే పైకి లేచిన భాగం, ఇక ముందు కూడా ఇవే మాటలు వాడతాను. పోసిన నీళ్లు ఆగకుండా చూరు దాకా జారిపోతే వాటం బాగుంది, మీ సమస్య స్క్రూల దగ్గరో అతుకుల దగ్గరో ఉంది. మధ్యలో ఎక్కడైనా మడుగులా ఆగితే మాత్రం వాటం తక్కువైనా అయి ఉండాలి, రేకు కుంగైనా ఉండాలి. అప్పుడు ఎంత సిలికాన్ పూసినా కొన్ని నెలలే నిలుస్తుంది, ఎందుకంటే నిలిచిన నీళ్లు రాత్రంతా సందు వెతుక్కుంటూనే ఉంటాయి.

ఇంకో సంగతి, చుక్క పడే చోటే కారుతోందని అనుకోవద్దు. నీళ్లు ఒక స్క్రూ దగ్గర లోపలికి వచ్చి, రేకు అడుగు భాగాన్ని పట్టుకుని రెండు మూడు ఫీట్లు జారి, రేకు కింద ఆనించిన అడ్డ పైపు తగిలిన చోట కిందపడతాయి. మా ఇంట్లో అయితే కారు అద్దం మీద చుక్క పడుతుంటే దాని నెత్తి మీదున్న స్క్రూనే మూడుసార్లు మూశాం. అసలు బొక్క గోడ దగ్గర ఉంది. దాన్ని పట్టుకున్నది ముగ్గుపిండితో. రేకు అడుగున తడి లేకుండా తుడిచి, స్క్రూల చుట్టూ, పైపుల మీద ముగ్గుపిండి వేలితో పలుచగా అద్ది, పైనుంచి నీళ్లు పోస్తే తడి దారి ముదురు గీతలా స్పష్టంగా కనిపించింది. ఆ గీత పట్టుకుని పైకి వెళ్తే మొదలు దొరుకుతుంది.

వాటం ఎంత ఉండాలి?

ఫీటుకు ఒక ఇంచు. 10 ఫీట్ల రేకుకు గోడ వైపు కన్నా చూరు వైపు 10 ఇంచులు దిగాలి. డిగ్రీల్లో చెప్పాలంటే ఇది దాదాపు 5 డిగ్రీలు, ఇలాంటి అలల రేకులకు ఇది కనీసం. ఇంకా ఎక్కువ ఇవ్వగలిగితే ఇవ్వండి, ధూళి, ఆకులు వాటంతట అవే కొట్టుకుపోతాయి. మా షెడ్డుకు 10 ఫీట్లకు 2 ఇంచులే ఇచ్చారు. స్లాబు మీద సిమెంటు వాటానికి అది సరిపోవచ్చేమో గానీ, స్క్రూలు, అతుకులు ఉన్న రేకుకు అస్సలు చాలదు.

కొలవడానికి కంటిచూపును నమ్మవద్దు, ప్రహరీ గోడే వంకరగా ఉంటే కన్ను దాన్ని పట్టుకునే మోసపోతుంది. మేస్త్రీలు వాడే నీళ్ల పైపు మట్టం తీసుకోండి. సన్నటి పారదర్శక పైపు 20 ఫీట్లు కొని, గాలి బుడగలు లేకుండా నీళ్లు నింపి, ఒక కొస గోడ వైపు రేకు అంచు దగ్గర, ఇంకో కొస చూరు వైపు స్తంభం దగ్గర పట్టుకుంటే రెండు చోట్లా నీళ్లు ఒకే మట్టంలో ఆగుతాయి. గోడ వైపు రేకు మట్టానికి నీళ్లు తెచ్చి, చూరు వైపు నీటి గీత నుంచి రేకు ఎంత కిందుందో టేపుతో చూస్తే అదే మీ వాటం. ఇద్దరు మనుషులు కావాలి, పని పది నిమిషాలు.

షెడ్డు కట్టేశారు, వెల్డింగ్ కూడా అయిపోయింది. ఇప్పుడు వాటం పెంచడం కుదురుతుందా?

కుదురుతుంది, రెండు దారులున్నాయి. గోడ వైపు జాగ ఉంటే అటు పైకి లేపవచ్చు. రేకులు విప్పి, అడ్డ పైపుల కింద పొట్టి పైపు ముక్కలు వెల్డింగ్ చేస్తారు, గోడ దగ్గర ఎత్తు ముక్క, చూరు వైపు వచ్చేకొద్దీ పొట్టి ముక్క. అయితే చాలా ఇళ్లలో గోడ వైపు కిటికీ సజ్జ అడ్డం వస్తుంది. మాకూ అదే అయింది. అందుకని చూరు వైపు స్తంభాలను 8 ఇంచులు కోయించి ఫ్రేము కిందికి దించాం. మొదట 8 ఫీట్ల ఎత్తుండేది, ఇప్పుడు 7 ఫీట్ల 4 ఇంచులు. కోసే ముందు మీ కారు డిక్కీ పూర్తిగా తెరిచి, దాని కొస ఎంత ఎత్తుకు వస్తోందో టేపుతో కొలవండి. పెద్ద కార్లకు ఇది మరిచిపోతే తర్వాత రోజూ బాధే.

వాటంతో పాటు అడ్డ పైపుల మధ్య దూరం కూడా చూసుకోండి. పలుచటి ప్లాస్టిక్ రేకు కింద రెండున్నర, మహా అయితే మూడు ఫీట్లకు ఒక పైపు ఉండాలి. డబ్బు మిగులుతుందని నాలుగున్నర, ఐదు ఫీట్లకు ఒకటి వేస్తారు. రెండు ఎండాకాలాలు గడిచేసరికి మధ్యలో రేకు కుంగి గిన్నెలా అవుతుంది, ఎంత వాటం ఉన్నా ఆ గిన్నెలో నీళ్లు నిలుస్తాయి. మధ్యలో ఒక్కో పైపు అదనంగా వేయిస్తే చాలు, కొత్త రేకులు అక్కరలేదు.

స్క్రూల దగ్గరే కారుతోంది. ఏం తప్పు జరిగి ఉంటుంది?

నూటికి తొంభై షెడ్లలో నేను చూసింది ఈ తప్పే: స్క్రూ పల్లంలో కొట్టడం. పల్లంలో కొడితే పైపు దగ్గరగా తగులుతుంది, పొట్టి స్క్రూ సరిపోతుంది, పని తొందరగా అవుతుంది. కానీ నీళ్లు పారేదే పల్లంలో. స్క్రూ ఎప్పుడూ మిట్ట మీదే ఉండాలి, దానికి పొడుగు స్క్రూ కావాలి. మిట్ట కింద ఖాళీగా ఉంటుంది కాబట్టి బిగించినప్పుడు రేకు నొక్కుకుపోకుండా కింద దిమ్మ లాంటి చిన్న ప్లాస్టిక్ ముక్క పెడతారు, అది కూడా అడగండి.

రెండో తప్పు బొక్క సైజు. ఇది మన ఎండలకు మరీ ముఖ్యం, కాస్త వివరంగా చెప్తాను. ప్లాస్టిక్ వేడికి సాగుతుంది, ఇనుము కన్నా ఐదారు రెట్లు ఎక్కువ. పాలికార్బొనేట్ అనే గట్టి రకం ప్లాస్టిక్ అయితే మీటరుకు, ఒక డిగ్రీకి 0.065 మిల్లీమీటరు. 3 మీటర్ల రేకు చలికాలం తెల్లవారుజామున 15 డిగ్రీల్లో ఉండి, మే నెల మధ్యాహ్నం 60 డిగ్రీలకు కాగిందనుకోండి, మన దగ్గర ఎండలో రేకుకు అది పెద్ద లెక్క కాదు, అప్పుడు దాదాపు 9 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ సాగే దారి ఇవ్వకుండా స్క్రూ లావుకు సరిగ్గా బొక్క వేసి బిగించేస్తే, రేకు ఎటూ పోలేక స్క్రూ దగ్గరే చీలుతుంది. మీ రేకు మీద స్క్రూ నుంచి వెంట్రుకలా సన్నటి పగులు బయలుదేరి ఉంటే కారణం అదే. అందుకే ముందు డ్రిల్లుతో, స్క్రూ కన్నా 2, 3 మిల్లీమీటర్లు పెద్ద బొక్క వేసి, దాని మీద వెడల్పు రబ్బరు వాషర్ ఉన్న స్క్రూ పెట్టాలి. మేకు పెట్టి సుత్తితో కొట్టనివ్వకండి.

బిగింపు ఎంతంటే, రబ్బరు వాషర్ అంచు కొద్దిగా ఉబ్బినట్టు కనబడితే ఆపేయాలి. రేకు గుంట పడిందంటే ఎక్కువైనట్టు, ఆ గుంటలోనే నీళ్లు ఆగుతాయి.

పల్లంలో ఉన్న పాత స్క్రూలు తీసేశాక బొక్కలు మిగులుతాయి కదా అంటారు. చిన్నవైతే శుభ్రంగా తుడిచి, పైనా కిందా సిలికాన్ పెట్టి, అదే రేకు ముక్క ఒకటి రెండించులు కోసి పైన అతికించండి. ఒకే రేకులో పది బొక్కలుంటే మాత్రం ఆ రేకు మార్చడమే మేలు.

సిలికాన్ ఏది తీసుకోవాలి? ఎం-సీల్ పనికిరాదా?

ఎం-సీల్ రాయిలా గట్టిపడుతుంది, రేకు మాత్రం రోజూ సాగి ముడుచుకుంటుంది, కాబట్టి ఒక ఎండాకాలంలో ఊడిపోతుంది. సిలికాన్‌లోనూ రెండు రకాలున్నాయి. పూయగానే వెనిగర్‌లా పుల్లటి వాసన కొట్టేది పాలికార్బొనేట్ రేకుకు మంచిది కాదు. ట్యూబు మీద ‘న్యూట్రల్ క్యూర్’ అని ఉన్నది అడగండి, కాస్త ధర ఎక్కువ. పూసే చోట ధూళి, పాత సిలికాన్ అంతా గీకి, సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. థిన్నర్, పెట్రోలు పెట్టి తుడిస్తే పాలికార్బొనేట్ మీద సన్నటి పగుళ్లు వస్తాయి, ఆ పని అసలు చేయొద్దు.

రేకుకు రేకు కలిసే పక్క అతుకుల నుంచి, అదీ గాలివాన వచ్చినప్పుడే కారుతుంది. ఎందుకు?

ఒక రేకు మీద ఇంకో రేకు ఒక్క అల మాత్రమే ఎక్కించి ఉంటారు. కనీసం ఒకటిన్నర అల ఎక్కాలి, వాటం తక్కువైన చోట రెండు అలలు ఎక్కిస్తే ఇంకా మంచిది. దీనికన్నా చాలామంది పట్టించుకోనిది గాలి దిక్కు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకు గాలి పడమర, నైరుతి నుంచి కొడుతుంది. పైన ఎక్కిన రేకు అంచు పడమరకు తెరుచుకుని ఉంటే గాలి ఆ సందులోకే వాననీళ్లను తోసేస్తుంది. అందుకే రేకులు పరచడం తూర్పు కొస నుంచి మొదలుపెట్టి పడమరకు రావాలి, అప్పుడు ప్రతి అతుకు అంచు తూర్పుకే చూస్తుంది. ఇప్పటికే తప్పుగా వేసి ఉంటే, అన్నీ విప్పలేకపోతే, అతుకు లోపల మిట్ట మీద పొడవునా బ్యూటైల్ టేపు (జిగురుగా ఉండే మెత్తటి రబ్బరు టేపు) పెట్టి మళ్లీ బిగించండి. బయటి అంచు మీద పూసిన సిలికాన్ ఎండకు లేచిపోతుంది, లోపల పెట్టిన టేపు నిలుస్తుంది.

ఒక రేకు పొడవు చాలక పైనా కిందా రెండు రేకులు కలిపితే, పై రేకు కింది రేకు మీదికి ఆరు నుంచి ఎనిమిది ఇంచులు రావాలి, ఆ అతుకు కింద తప్పకుండా ఒక పైపు ఉండాలి. వీలైతే పొడవుకు సరిపోయే ఒకే రేకు కొనండి, ఈ తలనొప్పే ఉండదు.

ఇంటి గోడకు రేకు ఆనే చోట సిమెంటు పెట్టారు, ప్రతి ఏడూ పగులుతోంది.

పగులుతుంది మరి. గోడ కదలదు, రేకు కదులుతుంది, మధ్యలో సిమెంటు ఏం చేస్తుంది? గోడలో రేకు కన్నా నాలుగైదు ఇంచులు పైన కటింగ్ మిషన్‌తో అర ఇంచు లోతు గాడి కొట్టించి, అల్యూమినియం లేదా జీఐ (జింకు పూత ఉన్న ఇనుము) రేకు పట్టీని మడతపెట్టించి, ఒక అంచు ఆ గాడిలో దూర్చి, ఇంకో అంచు ప్లాస్టిక్ రేకు మీద ఆరు ఇంచులు పరుచుకునేలా పెట్టాలి. గాడిలో మాత్రమే సిలికాన్, ప్లాస్టిక్ రేకు వైపు వదులుగా ఉండాలి. అలల సందుల్లోంచి గాలికి నీళ్లు వెనక్కి ఎక్కకుండా అల ఆకారంలో కోసిన ఫోము పట్టీలు దొరుకుతాయి, అవి దొరక్కపోతే ఆ కొసలో రేకు పల్లాలను కటింగ్ ప్లేయర్‌తో కొద్దిగా పైకి వంచుతారు, కానీ పాతబడిన ప్లాస్టిక్ అయితే విరుగుతుంది, వద్దు.

చూరు నీళ్లు పట్టే గట్టర్ తప్పనిసరా? ఎంత సైజు?

చూరు కింద మీ జాగ, అదీ మట్టి నేల, ఇంటి పునాదికి దూరం అయితే గట్టర్ లేకున్నా నడుస్తుంది. మిగతా అన్ని చోట్లా పెట్టించండి.

లెక్క చాలా తేలిక. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. మా 10 x 18 షెడ్డు 180 చదరపు అడుగులు, అంటే దాదాపు 16.7 చదరపు మీటర్లు. గంటకు 100 మిల్లీమీటర్ల లెక్కన దంచి కొడితే నిమిషానికి 28 లీటర్లు, రెండు నిమిషాలకు మూడు పెద్ద బకెట్లు. అంతకన్నా గట్టి వాన పది నిమిషాలు పడటం మన దగ్గర కొత్తేమీ కాదు. 2024లో ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో కోదాడ, సూర్యాపేట వైపు ఎలా కురిసిందో చూశాం. కాబట్టి గట్టర్ ఆరు ఇంచుల వెడల్పు, దిగే పైపు నాలుగు ఇంచులు పెట్టండి. నీళ్లకు మూడించుల పైపు చాలు, ఆకులకు చాలదు.

గట్టర్ బయటి అంచు లోపలి అంచు కన్నా కొద్దిగా కిందుండేలా బిగించమనండి. ఎప్పుడైనా నిండి పొర్లినా నీళ్లు బయటికి పడతాయి, కారు మీద పడవు.

పీవీసీ పైపును సగానికి కోసి గట్టర్ చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, నాదీ అదే. ఆరించుల పైపును నిలువునా సగానికి కోయించి, కొసలకు మూత సగం కోసి అతికించాం. రెండు జాగ్రత్తలు కావాలి. ఎండకు తెల్లబడి పెళుసవుతుంది కాబట్టి బయటంతా రంగు వేయండి. ఇంకొకటి, 18 ఫీట్ల పైపు చలికీ ఎండకూ మధ్య అర ఇంచు దాకా సాగుతుంది, కొస గోడకు తగిలేలా ఇరికిస్తే మధ్యలో ఎత్తుగా వంగుతుంది, రెండు కొసల్లోనూ జాగ వదలండి. కొక్కేలు రెండు, రెండున్నర ఫీట్లకు ఒకటి. జీఐ గట్టర్ ఎక్కువ కాలం వస్తుంది, కానీ మడత దగ్గర, బొక్క వేసిన దగ్గర తుప్పు మొదలవుతుంది, అక్కడ తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రంగు కొట్టించండి.

గట్టర్‌కు వాటం ఎంత?

10 ఫీట్లకు అర ఇంచు. దిగే పైపు ఉన్న కొస వైపుకే. వింటే నవ్వొస్తుంది గానీ, మా మొదటి గట్టర్ వాటం పడమరకు, పైపు తూర్పుకు ఉండేది. తాడు కట్టి కొలిచి కొక్కేలు కొట్టమనండి, కంటి అంచనాతో కాదు.

రేకు అంచు గట్టర్ లోపలికి రెండించులు రావాలి. తక్కువైతే నీళ్లు అంచు దగ్గర మడతపడి రేకు అడుగున వెనక్కి పాకుతాయి. మరీ ఎక్కువైతే జోరు వానలో గట్టర్ దాటి అవతల దూకుతాయి.

ఆకులతో పైపు మాటిమాటికీ మూసుకుపోతోంది.

వేపచెట్టు ఉన్నవాళ్లందరిదీ ఇదే గోస. మార్చి, ఏప్రిల్‌లో పూత, సన్నాకు రాలి గట్టర్ అడుగున పేరుకుని, మొదటి వానకు ముద్దలా మారి పైపు నోట్లో కూర్చుంటుంది. సన్న జాలీ పెడితే వేపాకు దానిమీదే చాపలా పరుచుకుని నీళ్లు పొర్లిపోతాయి, అది చూశాకే చెప్తున్నాను. గట్టర్ అంతటికీ జాలీ వద్దు, పైపు నోటి దగ్గర మాత్రం అర ఇంచు కన్నుల వైరు జాలీని బుట్టలా వంచి బోర్లించండి. ముద్ద చుట్టూ చేరినా పైనుంచి నీళ్లు దిగుతాయి. కింద మోకాలు వంపు దగ్గర మూత తీసి శుభ్రం చేసుకునే రకం పైపు పెట్టించుకుంటే పుల్లతో గుచ్చే బాధ తప్పుతుంది.

వాన లేకున్నా చలికాలం పొద్దున చుక్కలు పడుతున్నాయి?

అది లీకు కాదు. రాత్రి రేకు చల్లబడి గాల్లో తేమ దాని అడుగున పడుతుంది. పక్కలు మూసేసి ఉంటే గాలి ఆడేలా తెరవండి, తగ్గుతుంది.

మా చూరు నీళ్లు పక్కింట్లో పడుతున్నాయని గొడవ అవుతోంది.

మన చూరు నీళ్లు మన జాగలోనే పడాలి, ఇందులో వాళ్లదే న్యాయం. ప్రహరీ గోడ మీదికి రేకు చాపి వేయడం చాలా ఇళ్లలో జరుగుతున్న తప్పు. రేకును గోడకు ఎనిమిది ఇంచులు ఇవతలికే ఆపి, ఆ సందులో గట్టర్ పెడితే చాలు. మా ప్రహరీ అవతల పెద్దమ్మ వాళ్లు బట్టలు ఆరేస్తారు, మొదటి ఏడాది వాన పడ్డప్పుడల్లా మా రేకుల మీది మురికి నీళ్లు ఆ బట్టల మీద చిందేవి. ఆమె ఒక్కసారి కూడా గట్టిగా అనలేదు, తీగ ఇంకో పక్కకు మార్చి కట్టుకుంది. అది చూసిన రోజే గట్టర్ పని మొదలుపెట్టించాను.

ఈ నీళ్లు మోరీలోకి వదలడం కన్నా వాడుకోలేమా?

తప్పకుండా వాడుకోవాలి. ఏడాదికి 650 మిల్లీమీటర్ల వాన అనుకుంటే, చిందగా ఆవిరవగా పోయేది తీసేసినా, ఆ చిన్న షెడ్డు మీదే ఎనిమిది వేల లీటర్ల పైన దొరుకుతాయి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై, నడుములు వంగిపోయిన మనుషులను చూసిన జిల్లా మనది. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం కలిపే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ వాళ్లు మన ఊరి పేరే పెట్టారు, ‘నల్లగొండ టెక్నిక్’ అని. అలాంటి చోట ఫ్లోరైడ్ దాదాపు లేని వాననీళ్లను మోరీలో కలపడం నాకైతే మనసొప్పదు.

అయితే ప్లాస్టిక్ రేకు మీద పడ్డ నీళ్లు తాగడానికి, వంటకు వద్దు. పిట్టల రెట్ట, ధూళి, పాత రేకు పొడి అన్నీ కలుస్తాయి. చెట్లకు, కారు కడగడానికి, వాకిలి చల్లడానికి బ్రహ్మాండం. ప్రతి వానలో మొదటి రెండు బకెట్ల నీళ్లు బయటికి వదిలి తర్వాతవి డ్రమ్ములో పట్టండి, డ్రమ్ముకు దోమలు పోని గుడ్డ కట్టండి.

డ్రమ్ము నిండాక ఇంకుడు గుంతకు వదలండి. నాలుగు ఫీట్ల పొడవు, నాలుగు ఫీట్ల వెడల్పు, నాలుగు ఫీట్ల లోతు గుంత తీసి అడుగున పెద్ద రాళ్లు, పైన 20 ఎంఎం కంకర, ఆపైన దొడ్డు ఇసుక నింపితే రాళ్ల సందుల్లోనే ఏడు వందల లీటర్ల దాకా పడతాయి. ఎర్ర చెలక నేలల్లో తొందరగా ఇంకిపోతుంది. నల్లరేగడి అయితే ఇంకడం నెమ్మది, పైగా తడికి ఉబ్బి పునాదిని కదుపుతుంది, కాబట్టి ఇంటికి పది ఫీట్ల దూరం తప్పనిసరి.

గాలి దుమారానికి రేకులు లేచిపోతాయేమో, వడగండ్లకు పగులుతాయేమో అని టెన్షన్.

గాలి ముందు పట్టుకునేది అంచులనే. గోడ దగ్గర, చూరు దగ్గర ఒక మిట్ట వదిలి ఒక మిట్టకు స్క్రూ ఉండాలి, మధ్య పైపుల మీద రెండు మిట్టలు వదిలి ఒకటి చాలు. వడగండ్లకు పాలికార్బొనేట్ బాగా ఆగుతుంది, పాత ఫైబర్, పీవీసీ రేకులు పగులుతాయి.

కోతుల సంగతి వేరు. మా వైపు రేకులు పగిలేది వడగండ్ల కన్నా కోతుల దూకుళ్లకే ఎక్కువ. గోడ మీంచి షెడ్డు మీదికి ఒక మంద దూకిందంటే పాత రేకు ఆగదు. అడ్డ పైపులు దగ్గరగా ఉంటే చాలావరకు తట్టుకుంటుంది, ఇంకో ఉపాయం నాకు దొరకలేదు.

రిపేరు కోసం పైకెక్కవచ్చా?

రేకు మీద కాలు పెట్టకండి. కొత్తదైనా సరే. ఎండకు పెళుసైన రేకు పైకి బాగానే కనిపిస్తూ ఒక్క అడుగుకే విరిగి మనిషిని కిందికి వదిలేస్తుంది. వీలైనంత పని నిచ్చెన మీంచే చేయాలి. తప్పనిసరైతే రెండు అడ్డ పైపుల మీద ఆనేలా మందపాటి చెక్క పరిచి దానిమీదే కదలాలి, తడి రేకుల మీద అస్సలు వద్దు. కరెంటు స్తంభం నుంచి ఇంటికి వచ్చే వైరు షెడ్డు మీంచి పోతోందేమో ముందు చూసుకోండి, ఇనుప నిచ్చెన దానికి తగలకూడదు. పని చేసే వాళ్లకు కూడా ఈ మాట మీరే చెప్పండి, రోజూ చేసే పనే కదా అని వాళ్లు పట్టించుకోరు.

రేకు తిరగేసి వేస్తే ఏమవుతుంది?

పాలికార్బొనేట్‌కు ఎండ తట్టుకునే పూత సాధారణంగా ఒక వైపే ఉంటుంది, ఆ వైపు అంటించి వచ్చే పలుచటి ఫిల్మ్ మీద రాసి ఉంటుంది. అది పైకి ఉండాలి. తిరగేసి వేస్తే కొన్నేళ్లకే పసుపుపచ్చగా మారి పగులుతుంది. బిగించాక ఫిల్మ్ పీకేయడం మరిచిపోవద్దు, మన ఎండకు అది అతుక్కుపోతే తర్వాత రాదు.

ఈ పని ఏ నెలలో పెట్టుకోవాలి, ఎలా మాట్లాడుకోవాలి?

మృగశిర కార్తె లోపు అయిపోవాలి, అంటే జూన్ మొదటి వారం. ఆ తర్వాత వెల్డింగ్ వాళ్లు దొరకరు, దొరికినా మొగులు చూస్తూ తొందర పడతారు. అలాగని రోహిణి కార్తె మిట్టమధ్యాహ్నం కాగిన రేకును బిగించవద్దు, అప్పుడు రేకు పూర్తిగా సాగి ఉంటుంది, పొద్దున ఎనిమిది లోపో సాయంత్రమో చేయించండి. ఫిబ్రవరి, మార్చి అన్నిటికన్నా మంచి నెలలు.

మాట్లాడుకునేటప్పుడే నోటితో కాకుండా కాగితం మీద రాసి ఇవ్వండి: ఫీటుకు ఇంచు వాటం, మూడు ఫీట్ల లోపు ఒక అడ్డ పైపు, స్క్రూలు మిట్ట మీద, బొక్క డ్రిల్లుతో, గట్టర్ వాటం ఫలానా వైపుకు. చివరి డబ్బు నీళ్లు పోసి చూశాకే ఇస్తానని కూడా ముందే చెప్పండి, మంచి పనివాడు దీనికి ఏమీ అనుకోడు. మాకు రెండోసారి పని చేసిన అన్న అయితే తనే ఆరు బకెట్లు పైకి అందించమని అడిగి, నిచ్చెన మీద నిలబడి ఒక్కో పల్లంలో పోస్తూ, నన్ను కింద పైపు నోటి దగ్గర కూర్చోబెట్టి, నీళ్లు వచ్చాయని నేను కేక వేసే దాకా దిగలేదు.